చమురు తెట్టుపై చల్లే రసాయనం: బెల్లంపల్లి వర్క్‌షాపు నుంచి కోరింగ మడ అడవుల దాకా

సముద్రంలో ఓడ పగిలినప్పుడో, చమురు బావి అదుపు తప్పినప్పుడో నీటిమీద పరుచుకునే నల్లని పొరను చమురు తెట్టు అంటారు. దాన్ని ఎదుర్కోవడానికి ప్రపంచమంతటా వాడుకలో ఉన్న మార్గాలు ముఖ్యంగా నాలుగు: బూమ్‌లనే తేలియాడే అడ్డుకట్టలతో తెట్టును చుట్టి స్కిమ్మర్లనే యంత్రాలతో తోడివేయడం, ఉన్నచోటనే తగలబెట్టడం, గాలికీ అలలకూ వదిలి కనిపెట్టుకుని ఉండడం, విమానాల నుంచో నౌకల నుంచో రసాయనాలు చల్లి చమురును నీటిలోకి చెదరగొట్టడం. ఈ నాలుగో మార్గంలో వాడే రసాయనాలకు డిస్పర్సెంట్లని పేరు. పరిస్థితులు అనుకూలించినప్పుడు ఇవి గంటల వ్యవధిలోనే తెట్టును మాయం చేయగలవు కాబట్టి, ప్రభుత్వాలకూ చమురు కంపెనీలకూ వీటిమీద మొగ్గు ఎక్కువ. అయితే ఇలా మాయమైన చమురు సముద్రాన్ని విడిచి ఎక్కడికీ పోదు. పైపొరను వదిలి లోపలి నీటిలోకి దిగుతుంది. అలా దిగడం వల్ల ఎవరికి మేలు, ఎవరికి కీడు, ఆ నిర్ణయం ఎప్పుడు, ఎక్కడ, ఎవరు తీసుకోవాలి అన్నదే ఈ ప్రసంగంలోని విషయం.

తీరానికి మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న బెల్లంపల్లి బొగ్గు ప్రాంతానికి ఈ విషయంతో రెండు విధాలుగా సంబంధం ఉంది. మొదటిది నది: ఈ ప్రాంతపు వాగుల నీరు గోదావరిలో కలిసి, భద్రాచలం, ధవళేశ్వరం దాటి, గౌతమి, వసిష్ఠ వంటి పాయలుగా చీలి బంగాళాఖాతంలో పడుతుంది, దేశంలోని ముఖ్యమైన చమురు, సహజవాయు నిక్షేపాలు కొన్ని ఆ ముఖద్వారం చుట్టూనే, కృష్ణా గోదావరి బేసిన్‌లో ఉన్నాయి. రెండోది పని: ఓపెన్‌కాస్ట్ గనుల్లో తిరిగే డంపర్లు, డోజర్లు, షావెళ్లను వర్క్‌షాపుల్లో కడిగినప్పుడు వచ్చే నీటిలో డీజిలు, ఇంజన్ ఆయిలు, గ్రీజు కలిసి ఉంటాయి. ఆ నీటిని నేరుగా వాగులోకి వదలకుండా ఆయిల్ అండ్ గ్రీజ్ ట్రాప్ అనే తొట్టిలోకి పంపి కొంతసేపు నిలవనిస్తే, నీటికంటె తేలికైన నూనె పైకి తేలుతుంది, దాన్ని పైనుంచి తీసివేసి అడుగునున్న నీటిని బయటికి పంపవచ్చు. బొగ్గు గనులనుంచి బయటికి వెళ్లే నీటిలో లీటరుకు 10 మిల్లీగ్రాములకు మించి నూనె, గ్రీజు ఉండరాదని దేశంలోని పర్యావరణ ప్రమాణాలు చెబుతున్నాయి.

ఇంతవరకు పద్ధతి సులువే. కాని యంత్రాలను కడిగేటప్పుడు డిటర్జెంటునో, జిడ్డును విడదీసే ఘాటైన రసాయనాన్నో విచ్చలవిడిగా వాడితే తొట్టి పని చెడుతుంది. రసాయనం తగిలిన నూనె కంటికి కనిపించనంత చిన్న బిందువులుగా విడిపోయి, పైకి తేలడం మానేసి, తెల్లటి మడ్డి నీటిగా మారి, తొట్టిని దాటి బయటికి పోతుంది. వర్క్‌షాపు నేల తళతళలాడుతుంది, తొట్టిమీద నూనె పొర కనిపించదు, వాగులోకి మాత్రం మునుపటికంటె ఎక్కువ నూనె చేరుతుంది. సముద్రంలో డిస్పర్సెంటు చేసే పని అక్షరాలా ఇదే; తేడా ఒక్కటే, వర్క్‌షాపులో ఇది పొరపాటు, సముద్రంలో ఇది తెలిసి ఎంచుకునే ఉపాయం.

డిస్పర్సెంటులో ప్రధాన పదార్థాన్ని సర్ఫాక్టెంట్ అంటారు. దాని అణువుకు ఒక కొన నీటిని ఇష్టపడేది, మరొక కొన నూనెను ఇష్టపడేది కావడంతో, అది చమురు, నీరు కలిసే హద్దు దగ్గర చేరి వాటి మధ్యనుండే బిగువును, అంటే తలతన్యతను బాగా తగ్గిస్తుంది. అప్పుడు అలల తాకిడికే చమురు పొర చిట్లి, మిల్లీమీటరులో పదో వంతుకంటె చిన్న బిందువులుగా నీటిలో చెదురుతుంది. ఈ సర్ఫాక్టెంట్లను చమురు లోపలికి చేర్చడానికి వాటితోపాటు ద్రావణులను కూడా కలుపుతారు. సాధారణంగా 20 పాళ్ల చమురుకు 1 పాలు డిస్పర్సెంటు చొప్పున చల్లుతారు. ఈ రసాయనం పనిచేయడానికి అలల కదలిక ఉండాలి, చమురు మరీ చిక్కగా ఉండకూడదు, అన్నిటికీ మించి సమయం దాటిపోకూడదు. ఎందుకంటే నీటిమీద పడిన చమురులోని తేలిక భాగం ఆవిరైపోగా, మిగిలినది నీటిని తనలోకి పీల్చుకుని, మొదటి పరిమాణానికి మూడు నాలుగు రెట్లు ఉబ్బి, జిగురు ముద్దగా మారుతుంది. ఆ దశ వచ్చాక ఎంత రసాయనం చల్లినా చమురు చెదరదు, చల్లిన రసాయనం మాత్రం సముద్రంలో మిగులుతుంది.

డిస్పర్సెంట్ల చరిత్రలో మొదటి గుణపాఠం 1967 నాటిది. ఆ సంవత్సరం మార్చి 18న టోరీ కాన్యన్ అనే ట్యాంకరు ఇంగ్లండు నైరుతి కొసన రాళ్లను ఢీకొనగా, అందులోని సుమారు 1,19,000 టన్నుల ముడిచమురు సముద్రం పాలైంది. దాన్ని పోగొట్టాలనే ఆత్రంలో సుమారు 10,000 టన్నుల డిటర్జెంట్లను సముద్రంమీదా, తీరపు రాళ్లమీదా గుమ్మరించారు. అవి నిజానికి పరిశ్రమల్లో జిడ్డు వదిలించడానికి తయారైన సరుకు. వాటిలోని ద్రావణులు చమురుకంటె విషపూరితమైనవి. రాళ్లను అంటిపెట్టుకుని పాచిని మేసి బతికే లింపెట్ అనే నత్తలు గుంపులు గుంపులుగా చనిపోయాయి, మేసేవి లేక రాళ్లన్నీ పచ్చని పాచితో నిండిపోయాయి. తరువాత ఏళ్లతరబడి ఆ తీరాన్ని పరిశీలించిన శాస్త్రవేత్తలు, రసాయనం పడని చోట్ల జీవజాలం రెండు మూడేళ్లలో కోలుకుంటే, విపరీతంగా రసాయనం పడిన చోట్ల కోలుకోవడానికి పది పదిహేనేళ్లు పట్టిందని తేల్చారు. చమురు చేసిన నష్టంకంటె చికిత్స చేసిన నష్టమే ఎక్కువైన సందర్భమది. దాని ఫలితంగానే తక్కువ విషం గల కొత్త తరం డిస్పర్సెంట్లు తయారయ్యాయి.

రెండో గుణపాఠం 2010లో అమెరికా దక్షిణ తీరాన, మెక్సికో సింధుశాఖలో ఎదురైంది. ఏప్రిల్ 20న డీప్‌వాటర్ హొరైజన్ అనే డ్రిల్లింగు వేదిక పేలి 11 మంది కార్మికులు మరణించారు. సుమారు 1,500 మీటర్ల లోతున ఉన్న బావి నుంచి 87 రోజులపాటు చమురు ఎగజిమ్మింది. ఆ కాలంలో కోరెగ్జిట్ అనే డిస్పర్సెంటును దాదాపు 70 లక్షల లీటర్లు వాడారు. అందులో సుమారు 29 లక్షల లీటర్లను సముద్రపు అడుగున, బావి నోటి దగ్గరనే ఎక్కించారు. ఇంత లోతులో, ఇంత పరిమాణంలో ఈ పద్ధతిని వాడడం అదే మొదటిసారి. అమెరికా పర్యావరణ సంస్థ మే నెలలో తక్కువ విషం గల రసాయనం వెదకమని కంపెనీని ఆదేశించి, కొద్ది రోజులకే వాడకాన్ని గణనీయంగా తగ్గించమని మరో ఆదేశం ఇచ్చింది. అంటే ఏది వాడాలి, ఎంత వాడాలి అన్న చర్చ, రసాయనం అప్పటికే సముద్రంలో కలుస్తూ ఉండగా జరిగింది.

ఆ తరువాత వచ్చిన పరిశోధనల్లో కొన్ని ప్రత్యేకంగా చెప్పదగినవి. కోరెగ్జిట్‌లోని డాస్ అనే సర్ఫాక్టెంటు, అడుగున ఎక్కించడం ఆపిన 64 రోజుల తరువాత కూడా, బావికి 300 కిలోమీటర్ల దూరం వరకు లోతు నీటిలో కనిపించింది. లోతట్టు పగడాలమీద పేరుకున్న పదార్థంలో నెలల తరువాత, తీరంలో ఇసుకతో కలిసి గడ్డకట్టిన చమురులో రెండు మూడేళ్లు గడిచాక కూడా అదే పదార్థం ఆనవాళ్లు దొరికాయి. త్వరగా విచ్ఛిన్నమై పోతుందనుకున్న రసాయనం, చల్లని చీకటి లోతుల్లో అంత త్వరగా పోలేదన్నమాట. డిస్పర్సెంటుకు అనుకూలంగా సాధారణంగా చెప్పే వాదం ఒకటుంది: చమురు చిన్న బిందువులైతే దానిని తినే బ్యాక్టీరియాకు ఎక్కువ ఉపరితలం దొరుకుతుంది, అందువల్ల చమురు త్వరగా హరిస్తుందని. 2015లో వెలువడిన ఒక ప్రయోగశాల అధ్యయనంలో, డిస్పర్సెంటునే తినగల బ్యాక్టీరియా పెరిగిపోయి, చమురును తినే రకాలు వెనుకబడ్డట్టు కనిపించింది; మరికొన్ని అధ్యయనాలు చమురు త్వరగా హరించినట్టే చూపాయి. బిందువుల పరిమాణం, నీటి ఉష్ణోగ్రత, నత్రజని, భాస్వరం లభ్యత మారితే ఫలితమూ మారుతుంది కాబట్టి, ఒకచోట వచ్చిన ఫలితాన్ని మరొక సముద్రానికి అన్వయించడం క్షేమం కాదు.

అసలు కీడు ఏ దారిన కలుగుతుందో తెలుసుకోవాలంటే చమురులోని ఒక పదార్థాల కుటుంబాన్ని గుర్తించాలి. కొన్ని బెంజీను వలయాలు ఒకదానితో ఒకటి అతుక్కుని ఏర్పడే ఈ పదార్థాలను బహువలయ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లంటారు. బొగ్గు ప్రాంతానికి ఇవి కొత్తవి కావు: తారులోనూ, సరిగా మండని బొగ్గు పొగలోనూ ఉండేవి ఇవే. తెట్టుగా తేలుతున్నంతకాలం వీటిలో ఎక్కువభాగం చమురు పొరలోనే ఉండిపోతుంది. చమురు చెదిరినప్పుడు బిందువులనుంచి నీటిలోకి త్వరగా చేరుతుంది. చేపల పిండాలు గుడ్డులో ఎదిగే దశలో నూరు కోట్ల పాళ్ల నీటికి కొద్ది పాళ్లున్నా సరే, వాటి గుండె సరిగా రూపొందదని ప్రయోగాల్లో తేలింది. అలాంటి పిల్ల బతికినా ఈదలేక వేటకు చిక్కుతుంది. దీనికితోడు, ఈ పదార్థాలను ఒంట్లోకి తీసుకున్న పారదర్శకమైన లార్వాలమీద ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడితే విషప్రభావం మరింత పెరుగుతుంది. ఉష్ణమండలపు ఎండలో, పైనీటి పొరలో బతికే రొయ్య లార్వాలకూ పీత లార్వాలకూ ఇది చిన్న ముప్పు కాదు. ప్లవకాలు, అంటే నీటి ప్రవాహంతో కొట్టుకుపోయే సూక్ష్మజీవులు, చమురు బిందువులను ఆహారంగా పొరబడి మింగడంవల్ల అది ఆహారపు గొలుసులోకి కూడా ప్రవేశిస్తుంది. చల్లే పనిలో ఉన్న మనుషుల సంగతీ మరువరానిది: కోరెగ్జిట్ పాత రకంలో వాడిన బ్యూటాక్సీ ఇథనాల్ అనే ద్రావణి పదే పదే ఒంటికి సోకితే ఎర్ర రక్తకణాలకూ, మూత్రపిండాలకూ హాని కలుగుతుందని తెలిసిందే.

ఇంతమాత్రాన డిస్పర్సెంట్లను పూర్తిగా నిషేధించాలనడం తొందరపాటు అవుతుంది. తెట్టును అలాగే వదిలితే అది నీటి పక్షుల రెక్కలకు అంటుకుని వాటిని చంపుతుంది, తాబేళ్లు శ్వాసకోసం పైకి వచ్చే చోట నిలుస్తుంది, చివరకు తీరం చేరి మడ అడవుల్లోకి పాకుతుంది. 1996 ఫిబ్రవరిలో వేల్స్ తీరాన సీ ఎంప్రెస్ ట్యాంకరు నుంచి సుమారు 72,000 టన్నుల ముడిచమురు కారినప్పుడు, తీరానికి దూరంగా, అలలు బలంగా ఉన్న నీటిలో 446 టన్నుల డిస్పర్సెంటు చల్లడంవల్ల తీరానికి చేరే చమురు బాగా తగ్గిందని పరిశీలకులు తేల్చారు. భారతీయ తీరానికి ఇంతకంటె దగ్గరగా వర్తించే పాఠం 1984లో పనామాలో జరిగిన ట్రాపిక్స్ అనే ప్రయోగంలో ఉంది. అక్కడ ఒక మడ అడవి తీరంలో ఉన్న చిన్న స్థలాల్లో ఒకచోట వట్టి ముడిచమురును, మరొకచోట డిస్పర్సెంటు కలిపిన చమురును కావాలని వదిలి, ఏళ్లతరబడి గమనించారు. వట్టి చమురు పడిన చోట మడ చెట్లు ఎక్కువగా చనిపోయాయి. చెదరగొట్టిన చమురు పడిన చోట మడ చెట్లు నిలిచాయి గాని, వాటి ముందున్న లోతు తక్కువ నీటిలోని పగడాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. రెండిట్లో దేన్నీ నష్టం లేని మార్గమనడానికి లేదు. నష్టం ఎవరిమీద పడాలన్న నిర్ణయమే అక్కడ మారింది.

ఇప్పుడు ఈ లెక్కను గోదావరి ముఖద్వారంలో వేసి చూడవలసి ఉంది. కోనసీమ తీరంలోని సూరసానియానం ఎదురుగా ఉన్న రవ్వ క్షేత్రం 1993 నుంచి చమురు ఇస్తోంది. కాకినాడ తీరానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని లోతు సముద్రపు క్షేత్రం నుంచి ఓఎన్‌జీసీ 2024 జనవరి 7న తొలి చమురు తీసింది. విశాఖపట్నంలో 1957 నుంచి చమురు శుద్ధి కర్మాగారం ఉండగా, దానికి వచ్చిపోయే ట్యాంకర్లు ఈ తీరం వెంబడే తిరుగుతాయి. వీటన్నిటికీ సమీపంలో, గౌతమి పాయల మధ్య, 1978లో అభయారణ్యంగా ప్రకటించిన కోరింగ ఉంది. తెల్లమడ, నల్లమడ, తిల్ల చెట్ల వేళ్ల మధ్యనే రొయ్యలూ పీతలూ పండుగొప్పలూ పిల్లదశలో పెరుగుతాయి. దాని ముందున్న కాకినాడ అఖాతం, హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ చాటున ఉండే లోతు తక్కువ నీటి భాగం. డిస్పర్సెంటు సురక్షితమనడానికి ఆధారమైన వాదమంతా, చెదిరిన చమురు కోట్ల ఘనపు మీటర్ల లోతు నీటిలో కలిసి పలచబడుతుందన్న లెక్కమీద నిలుస్తుంది. కొన్ని మీటర్ల లోతున్న అఖాతంలో పలచబడడానికి నీరే చాలదు. అక్కడ రసాయనం చల్లితే రొయ్య పిల్లలు పెరిగే చోటికి చమురును చేర్చినట్టవుతుంది.

ఈ తీరానికి మరి రెండు ప్రత్యేకతలు ఉన్నాయి. ఒకటి ఉప్పదనం: ఎక్కువ డిస్పర్సెంట్లు సముద్రపు నీటికోసం, అంటే లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పున్న నీటికోసం రూపొందినవి, మంచినీటిలో అవి సరిగా పనిచేయవు. జూలై నుంచి సెప్టెంబరు వరకు గోదావరి వరదనీరు ముఖద్వారం ముందు పైపొరగా పరుచుకుంటుంది కాబట్టి, ఆ నెలల్లో అదే రసాయనం తక్కువ పనిచేసి, ఎక్కువ చల్లవలసిన ప్రలోభం కలిగిస్తుంది. రెండోది రుతువు: తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. చేపలూ రొయ్యలూ గుడ్లు పెట్టే కాలమని మత్స్యకారులు జీవనాన్ని ఆపుకునే ఆ రోజుల్లోనే నీటిలో గుడ్లూ లార్వాలూ దట్టంగా ఉంటాయి. వలను మానుకున్న చోట రసాయనం చల్లేముందు, ఆ మానుకోవడానికి ఉన్న కారణాన్నే ప్రమాణంగా తీసుకోవడం న్యాయం.

దేశంలో ఇటీవలి అనుభవాలు ఈ నిర్ణయం ఎంత క్లిష్టమైనదో చూపుతున్నాయి. 2017 జనవరి 28న చెన్నై ఉత్తరాన ఎన్నూరు దగ్గర రెండు ఓడలు ఢీకొని, చిక్కని ఫర్నేస్ ఆయిలు తీరానికి కొట్టుకు వచ్చింది; అలాంటి చమురుమీద డిస్పర్సెంటు ప్రభావం తక్కువ కావడంతో, చివరకు వందలమంది బకెట్లతో జిగురు మడ్డిని తోడవలసి వచ్చింది. 2025 మే 25న కేరళ తీరంలో ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే కంటైనర్ల ఓడ ఫర్నేస్ ఆయిలు, డీజిలుతో మునిగిపోయినప్పుడు, భారత తీర రక్షక దళం నౌకలు తెట్టుమీద డిస్పర్సెంటు చల్లాయి. ఒకే దేశంలో, ఎనిమిదేళ్ల తేడాలో, తీరపు దూరమూ, రుతువూ మారితే మార్గమూ మారింది.

దేశంలో చమురు తెట్లపై చర్యలకు సమన్వయకర్త తీర రక్షక దళమే. 1996 నుంచి అమల్లో ఉన్న జాతీయ చమురు తెట్టు విపత్తు ప్రణాళిక ఆ బాధ్యతను దానికి అప్పగించింది. ఆమోదించిన డిస్పర్సెంట్లనే, అనుమతి తీసుకున్న తరువాతనే వాడాలన్నది నియమం. చమురు ఎటు కొట్టుకుపోతుందో అంచనా వేసి చెప్పేది హైదరాబాదులో 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్, అంటే సముద్ర సమాచార సేవల జాతీయ కేంద్రం. తూర్పు తీరపు ప్రవాహం సుమారుగా ఫిబ్రవరి నుంచి మే వరకు ఉత్తరానికీ, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు దక్షిణానికీ పారుతుంది కాబట్టి, అదే బావి నుంచి కారిన చమురు ఒక రుతువులో విశాఖవైపు, మరొక రుతువులో కృష్ణా ముఖద్వారంవైపు సాగే అవకాశం ఉంటుంది. ఈ జ్ఞానమంతా తెలుగు గడ్డమీదే అందుబాటులో ఉన్నప్పుడు, ప్రమాదం జరిగిన రాత్రి దాన్ని వెదుక్కోవలసిన అవసరం లేదు.

చమురు చెదరగొట్టడానికి మిగిలే వ్యవధి గంటల్లో ఉంటుంది. ఆ గంటల్లో ఒక అధికారి ఒంటరిగా తేల్చవలసిన ప్రశ్నగా దీన్ని వదలడమే అసలు ప్రమాదం. కోనసీమ, కాకినాడ తీరాలకు నెలవారీగా, లోతువారీగా ముందే పటం గీసి, అఖాతంలోనూ మడపాయల ముంగిటా డిస్పర్సెంటు ఎప్పుడూ వద్దనీ, లోతు నీటిలో తేలిక ముడిచమురుమీద ఫలానా పరిస్థితుల్లో వాడవచ్చనీ రాసిపెట్టుకోవాలి. ఆ పటం గీసేటప్పుడు ఏ పాయలో ఏ నెలలో ఏ పిల్ల పెరుగుతుందో తెలిసిన మత్స్యకారుల మాటకు చోటుండాలి. వాడిన రసాయనం పేరు, దానిలోని పదార్థాలు, వాడిన పరిమాణం, వాడిన చోటు ప్రజలకు తెలియజేయాలి. వాడక ముందూ వాడిన తరువాతా నీటిలో, రొయ్యల్లో, అడుగు మట్టిలో హైడ్రోకార్బన్లను కొలిచి ఫలితాలు ప్రకటించాలి. తెట్టు కనిపించడం లేదన్న నివేదికతో పని ముగిసినట్టు కాదు. చెదిరిన చమురు ఎంత లోతుకు, ఎంత దూరానికి వెళ్లిందో, దాని భారం ఏ జీవిమీద, ఏ మనిషిమీద పడిందో చెప్పగలిగిన రోజునే ఆ చర్య సబబైనదో కాదో తేలుతుంది.